తుమ్ము

మిర్చి యార్డులో తుమ్మితే ఎవరూ ఆగరు.
వేరే ఊళ్ళో అయితే గడప దాటబోయినవాడు
వెనక్కొచ్చి గుక్కెడు నీళ్ళు తాగి కూర్చుంటాడు.
ఏటుకూరు రోడ్డులో
తుమ్ముకి శకునం పోయి చాలా కాలమైంది.

పానకాలు గారి కారం మిల్లుకి
కొత్త డ్రైవు బిగించిన మర్నాటి నుంచి
గోడమీద ఆర్‌సీసీబీ తుమ్మడం మొదలెట్టింది.
పొద్దున రెండుసార్లు, టీ వేళకి ఒకసారి.
ఎక్కడా లీకు లేదు.
మెగ్గర్ పెట్టి చూశాను, వైరు వైరూ విప్పి చూశాను.

"దానికి జలుబు చేసింది మస్తానూ,
పక్కనుంచి ఓ వైరు లాగెయ్" అన్నారాయన.
లాగాను.
మిగతావన్నీ చెబుతున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి: లాగాను.
మూడొందలు జేబులో పెట్టుకున్నాను కూడా.

ఆ రాత్రి కళ్ళు మూస్తే అల కనిపించింది.
పాలిటెక్నిక్‌లో సారు బోర్డుమీద గీసిన నున్నటి అల కాదు,
డ్రైవు నమిలి ఉమ్మిన అల.
యాభై వీపుమీద రెండొందల యాభై,
దానిమీద మూడొందల యాభై,
ఆపైన వేలల్లో సన్నటి కీచు.
వచ్చిన దారిన తిరిగి వెళ్ళక
ఫిల్టరు కెపాసిటర్ల సందుల్లోంచి
భూమిలోకి జారుకునే కరెంటు.
పోయిందీ వచ్చిందీ సరిచూడటమే
లోపలి చిన్న ఉంగరం ఉద్యోగం.
లెక్క తేడా వస్తే తుమ్ముతుంది. దాని తప్పేముంది?

తెల్లారకముందే వెళ్ళి ఆ వైరు కోసేశాను.

కోసేశాక గుర్తొచ్చింది అవతలి షెడ్డు.
అక్కడా అలాంటి డ్రైవే, అలాంటి డబ్బానే.
ఏడాదిగా ఒక్కసారీ తుమ్మలేదు.
"పెట్టెలంటే అట్టా ఉండాలి" అని మెచ్చుకునేవాళ్ళం.
బటన్ నొక్కాను. టక్కున పడింది.
నాగుల్ మీరా నవ్వాడు, "బానే ఉందిగా భయ్యా."

బటన్ అడిగేది ఒకటే ప్రశ్న,
అదీ శుభ్రమైన యాభైలో.
బట్టీ పట్టిన పిల్లాడిలా జవాబు చెప్పేస్తుంది.
మోటారు నడుపుతూ నేనే కొంచెం కరెంటు దొంగిలించి చూశాను.
ముప్పై మిల్లీ దగ్గర పడాలి.
నలభై. యాభై ఐదు. డెబ్బై.
కదల్లేదు.
పదేళ్ళు తొడిమలు తీసిన ముక్కుకి
ఇక ఘాటు తెలియనట్టు.

డ్రైవులకి సరిపడే రకం ధర చెబితే
పానకాలు గారు వేళ్ళమీద లెక్కేశారు:
"రెండు టిక్కీల తేజ!"
ఇంకా బేరం తెగలేదు.
ఆ షెడ్డు మెయిన్ మాత్రం దించి
హ్యాండిల్‌కి తాళం వేశాను, తాళం చెవి నా మొలతాడుకుంది.

దీనమ్మ వచ్చి ఆగిన జల్లెడ దగ్గర నిలబడింది.
ముందు వేళ్ళు మడిచి
చేతి వెనక వైపుతో ఇనప రేకుని తాకింది,
కాలే పెనాన్ని చూసినట్టు.
అరచేత్తో ముట్టుకుంటే గుప్పిట బిగుసుకుపోతుందని,
వదిలించుకోలేమని
నాకు రెండో ఏడు లాబ్‌లో చెప్పారు.

ఎన్నాళ్ళ నుంచి అలా తాకుతున్నావని అడిగాను.
"ఏమో బాబూ, ఇక్కడ అందరం అట్టానే ముట్టుకుంటాం" అంది,
తుమ్మింది,
ఆగకుండా లోపలికి వెళ్ళింది.