కరెంటు పోయిన పదకొండు నిమిషాలు

ఏడో భాగం. ఇదే ఆఖరంట.
ఆదోనిలో పొద్దున్నే ఆరున్నర ఆటకి
జిన్నింగు మిల్లు రాత్రి షిఫ్టు దిగి
తల మీద దూది దులుపుకోకుండానే పోయినాం,
నేనూ, ఖాదర్‌లింగా.
ముందు వరస పిల్లోళ్ళు మమ్మల్ని చూసి
ముసలోళ్ళొచ్చినార్రా అని నవ్వినారు.
మాకింకా ముప్పై నిండలేదు.

మొదటి భాగం వచ్చినప్పుడు
మేం పదో తరగతి లెక్కల్లో పోయినోళ్ళం.
ఇనుపరెక్క అనేటోడు
కూలే వంతెనను వీపు మీద మోసినాడు.
ఆ రాత్రి ఖాదర్‌లింగ
సిమెంటు గోతం భుజాలకు కట్టుకుని
మార్కెట్ యార్డులో బోరాల గుట్ట మీంచి దూకినాడు.
కాలు విరగలేదు. కింద పత్తి కదా.
అప్పట్నించి వాని నమ్మకం వానిది,
ఎగిరేటోళ్ళకు ఎవురో ఒకరు కింద పరిచే ఉంటారని.

రెండో భాగంలో ఒక పిల్లోడుంటాడు.
మునిగిన ఊర్లో, మిద్దె మీద, ఒంటి చెప్పుతో.
"మా యవ్వ లోపలుంది" అంటాడు.
"వస్తా, ఈడే ఉండు" అని ఇనుపరెక్క ఎగిరిపోతాడు.
అంతే. మళ్ళా ఆ పిల్లోని ఊసే లేదు.
మూడు పోయింది, నాలుగు పోయింది,
ఐదులో ఇనుపరెక్కకు పెండ్లి కుదిరి చెడింది,
ఆరులో చచ్చి లేచినాడు.
పిల్లోడు మిద్దె మీదనే ఉన్నాడు.
"ఆఖర్ల వస్తాడప్పా" అనేటోడు ఖాదర్‌లింగ,
బేలు కింద భుజం దూరుస్తా,
"దాసిపెట్టినారు, పెద్దదానికని దాసిపెట్టినారు."
నేను నవ్వేటోణ్ణి.
కాలవ వస్తాదని ఎవురో పాతిపోయిన రాయికి
మా తాత బతికినన్నాళ్ళూ
ఉగాదికుగాది సున్నం కొట్టినాడు.
నాకు తెలుసు గద ఆ జాతి.

సినిమా మొదలైంది.
ఏం చెప్పాల. ఆకాశం చిరిగింది, కుట్టినారు.
ముప్పై మంది వీరులు వరసగా నిలబడితే
నాకు రేషన్ షాపు గుర్తొచ్చింది.
బూడిదరాజు ఊర్లకూర్లు ఊదేస్తాంటే
పిల్లోళ్ళు కాయితాలు చించి ఎగరేసినారు.
ఖాదర్‌లింగ మాత్రం
మిద్దె కనపడితే చాలు, ముందుకు వంగుతాడు.

ఆఖరి దెబ్బకి ఇనుపరెక్క చెయ్యెత్తినాడు.
కరెంటు పోయింది.

జనరేటరుకు డీజిలు లేదంట.
ఎవురో బీడీ అంటించినారు, ఎవురో తిట్టినారు,
సెల్లుల వెలుగులో
మా తలల్లోంచి దూది మెల్లగా లేస్తా కనపడింది.
"తరవాత ఏమైతాది?" ఏడ్చినంత పని చేసినాడొక చిన్నోడు.
ఖాదర్‌లింగ లేచి నిలబడినాడు.
హమాలీ గొంతు. మైకు అక్కర్లేదు.

"ఇంగ ఏమైతాదంటే, నాయనా,
ఎత్తిన చెయ్యి కొట్టదు.
'ఒక్క నిమిషం' అంటాడు బూడిదరాజుతో,
'నాకొక పనుండాది, మర్సినా, పోయొస్తా.'
పోతాడు. నీళ్ళు తీసిన ఊరు. అదే మిద్దె.
పిల్లోనికి మీసాలొచ్చినాయి.
ఆ ఒంటి చెప్పు ఇప్పుడు బొటనేలికి గూడా సాలదు.
పక్కన అవ్వ. వాడే ఈది తెచ్చుకున్నాడులే, ఎప్పుడో.
'ఇంత ఆలీసమా సామీ' అంటాది అవ్వ,
'కూర్సో, సంగటి సల్లారిపోయింది.'
కూర్సుంటాడు.
రెక్కలు యాడ పెట్టాల్నో తెలీక గోడకు ఆనిస్తాడు."

హాల్లో సద్దు లేదు.
"మరి బూడిదరాజు?"
"వాడా? ఆడనే నిలబడుకోనుంటాడు.
వానికీ తినే పొద్దాయ గద. పిలుస్తాది అవ్వ."

కరెంటొచ్చింది.
ఎత్తిన చెయ్యి దిగింది. పెద్ద వెలుతురు.
బూడిదరాజు బూడిదైనాడు.
విగ్రహం. వాన. జెండా. తర్వాత పేర్లు.
పేర్లన్నీ అయిపోయేదాకా ఖాదర్‌లింగ లేవలేదు,
ఊడ్చేటామెకు కాళ్ళెత్తి దారిచ్చినాడు గానీ.
పేర్ల తర్వాత గూడా ఏమన్నా వేస్తారేమోనని.
ఏమీ వెయ్యల్యా.

బయట వగ్గాని బండి కాడ
రెండో ఆట లైనోళ్ళు మమ్మల్ని చుట్టుముట్టినారు.
"ఎట్లుందన్నా? పన్నెండేండ్లు కాసినదానికి తగినట్టుందా?"
నేను నోరు తెరిచేలోపల
ఆ చిన్నోడు మిరపకాయ బజ్జీ కొరికి
కండ్లల్ల నీళ్ళతో చెప్పినాడు:
"కరెంటు పోయినప్పుడు బాగుంది."

లైనులో ఉన్నోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకుని
తలలెత్తి
పైన తీగల దిక్కు చూసినారు.