మొప్పలెత్తి చూసే చెయ్యి

పెద్దాసుపత్రి రక్తనిధి కిటికీ దగ్గర
రాత్రి రెండుంబావుకి
ఉప్పునీళ్ళ వాసనతో ఒక మనిషి.
చేతిలో పిల్లల ఐసీయూ చీటీ:
గరికిన హేమశ్రీ, నాలుగేళ్ళు, బి పాజిటివ్,
అర్జెంటు అన్న మాట కింద రెండు గీతలు.

ఫ్రిజ్ తలుపు తీశాను.
ముందు వరసలో ముప్పై ఒకటో రోజు సంచి.
వెనక, నిన్నగాక మొన్న
గాజువాక కాలేజీ కుర్రాళ్ళు ఇచ్చినవి.
ముందొచ్చింది ముందు పోవాలి.
లేకపోతే నలభై రెండు రోజులు దాటాక
ఎవరి ఒంట్లోకీ పోని రక్తాన్ని
పసుప్పచ్చ కవరులో మూటగట్టి పంపాలి.
ఒకసారి పంపాను.
ఆ పూట అన్నం సయించలేదు.

కిటికీలోంచి తేదీ కూడబలుక్కుని చదివాడు.
"అమ్మా, ఇది నెల్లాళ్ళ నాటిది కదా."
"అవును."
"హార్బర్లో నాను మొప్పలెత్తి సూసి సెప్పేత్తాను,
ఏ పూట పట్టిన సేపో.
నెల్లాళ్ళు ఐసులో ఉన్నదాన్ని
పిల్లిక్కూడా ఎయ్యం కదమ్మా!"

నవ్వొచ్చేది, వేరే రాత్రయితే.
నిలవ రక్తంలో చక్కెర తరిగిపోతుందని,
కణాలు బిరుసెక్కుతాయని,
పొటాషియం బయటికి కారుతుందని
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను.

పై అంతస్తుకి ఫోన్ చేశాను.
డాక్టర్ నౌషీన్ గొంతు జీరబోయి ఉంది.
"ముందున్నదే పంపండి.
ఇలాంటి పిల్లల్లో వందలమందిని చూశారు.
తాజాదానికీ నిలవదానికీ తేడా కనబడలేదు."

కనబడలేదు.
లేదు అనలేదు, కనబడలేదంది.
ఆ రెండు మాటల మధ్య సందులోంచి
నా చెయ్యి వెనక వరసకి పోయింది.

పోయి, ఆగింది.
కొత్తది ఈ పిల్లకిస్తే
రేపు ఇదే కిటికీ దగ్గర
అడగడం చేతకాని తండ్రి ఒకడు నిలబడతాడు.
మొప్పల సంగతి తెలియనివాడు,
తేదీ చదవడం రానివాడు.
వాడి బిడ్డకి ముప్పై రెండో రోజుది.

క్రాస్‌మ్యాచ్ కుదిరింది.
ముందుదే ఇచ్చాను.
ఐసు డబ్బా మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి
మెట్లన్నీ పరిగెత్తాడు.

తెల్లారకముందే మళ్ళీ వచ్చాడు, చొక్కా చెయ్యి మడిచి.
"నాది తీసీండి. ఉడుకు మీదుంది."
"ఇది మీ పాపకి కాదు పరదేశి గారూ.
పరీక్షలవ్వాలి. తర్వాత అలమర్లోకి వెళ్తుంది."
"ఎల్లనీండి."
వలతాడు లాగీ లాగీ తాడంత లావైన నరం.
ఏడు నిమిషాల్లో సంచి నిండింది.
దాని మీద ఆ రోజు తేదీ వేశాను.

పాప ఆ రాత్రి గడిచింది.
ఆ రక్తం వల్లా, మందుల వల్లా,
రెప్ప వెయ్యని నర్సు వల్లా? నాకు తెలీదు.

నెల మీద అయిదు రోజులకి
ఓపీ చీటీతో కిటికీ ముందు ఆగాడు.
భుజం మీద హేమశ్రీ,
గుప్పిట్లో మురీ మిక్చరు.
"నాదింకా ఉందేటమ్మా?"
"మొన్న రాత్రే వెళ్ళింది.
మాడుగుల నుంచొచ్చిన పిల్లాడికి."
లోపల్లోపల లెక్కేసుకున్నాడు.
"అయితే నిలవదే."
"నిలవదే."

ఇంకేదో అడుగుతాడని సిద్ధంగా ఉన్నాను.
ఎలాగున్నాడా పిల్లడు, అన్నాడు.

ఆ మాట నేనెప్పుడూ అడగలేదు,
పంతొమ్మిదేళ్ళుగా ఇన్ని సంచులు పంపి.
ఫోన్ ఎత్తి పైకి కలిపాను.
మోగుతోంది.
పాప నా రిజిస్టరు మీద
ఒక్కొక్క మరమరం రాలుస్తోంది.
అతను కిటికీ ఊచ పట్టుకుని
చెవొగ్గి వింటున్నాడు.
మోగుతోంది.