ఎడమ చేతి బొటనవేలు

కోర్టు గేటుకి ఎదురుగా, జిరాక్సు మిషను పక్కన
పద్నాలుగేళ్లుగా ఊరివాళ్ల ప్రమాణాలు టైపు చేస్తున్నాను.
"పైన తెలిపినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని..."
ఈ ముక్క కళ్లు మూసుకుని కొట్టగలను.
కొట్టాను కూడా, కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం
అటక మీంచి దింపిన పాత టైపు మిషను మీద,
ఒక్క తప్పు పడకుండా.

ఇప్పుడు, ముప్పై ఆరేళ్లొచ్చాక, లాసెట్ గైడు కొన్నాను.
పాతదే. పూర్ణా మార్కెట్ వెనక, సగం ధరకి.
ఎవరో కుర్రాడు పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ వచ్చి
నూట పన్నెండో పేజీలో మానేశాడు.
అక్కడిదాకా అతనితో నడిచాను.
అక్కణ్ణించి ఒక్కదాన్నే.

మా ఇల్లు వన్‌టౌన్‌లో.
కిటికీ మూసినా పోర్టు బొగ్గుపొడి లోపలికి వస్తుంది.
రాత్రి తుడిచిన పుస్తకం మీద
తెల్లారేసరికి మళ్లీ పలచగా పరుచుకుని ఉంటుంది.
తిప్పిన ప్రతి పేజీ మూలా నా వేలిగుర్తు.
"పుస్తకమంతా నిశానీ ఏసేశావేటత్తా?" అని నవ్వింది మేనకోడలు.

రాష్ట్రపతి పాలన మూడు వందల యాభై ఆరు.
ఇది పదిసార్లు రాస్తే గాని పట్టుబడలేదు.
హెబియస్ కార్పస్ అంటే, మనిషిని తెచ్చి ఎదుట నిలబెట్టు.
ఇది చదవక్కర్లేకపోయింది.
నూకరత్నం కొడుకు కోసం ఆ పిటిషను కొట్టింది నేనే.
నాలుగోనాడు తెచ్చి నిలబెట్టారు,
నిలబడలేని మనిషిని.

నమూనా ప్రశ్న: "క" కట్టిన గోడ
"ఖ" స్థలంలోకి మూడడుగులు జరిగింది. "ఖ"కి దారేది?
నాలుగు జవాబులు. ఒకటే ఒప్పట.
నేనెరిగిన "ఖ" పేరు బంగారప్పడు. గాజువాక అవతల.
పదకొండేళ్లు వాయిదాలకి తిరిగి
చివరికి ఆ గోడకే మేకు దిగ్గొట్టి
గేదెని కట్టుకోవడం మొదలెట్టాడు.
ఆ జవాబు గైడులో లేదు.

కోరాడ వకీలుగారు డిక్టేషను చెబుతూ చెబుతూ
"ఇప్పుడెందుకమ్మా నీకీ లా, హాయిగా టైపు చేసుకోక" అన్నారు.
అలవాటున వేళ్లు అదీ కొట్టేశాయి.
చెరిపేముందు ఒకసారి చదువుకున్నాను.

ఆదివారాలు కోస్టల్ బ్యాటరీ దగ్గర గట్టు మీద కూర్చుంటాను.
ఫోనులో తొంభై నిమిషాలు పెట్టుకుంటే
ఎనభై కాకుండానే ఏదో ఓడ కూస్తుంది.
ఉలిక్కిపడి లెక్క తప్పుతాను.

తప్పు రాసినా మార్కు కొయ్యరట.
తెలియకపోతే ఏదో ఒకటి నొక్కి రమ్మన్నాడు కోచింగు సారు,
ఫీజు కట్టలేనన్నా టీ ఇప్పించి.
ఆ ధైర్యం నాకు అలవాటు లేదు.
మా దగ్గర సర్వే నంబరులో ఏడు బదులు ఒకటి పడితే
పొలం చేతులు మారిపోతుంది.
ఒకసారి పడింది. ఎవరిదో చెప్పను.
ఆ ఏడు సింహాచలం మెట్లన్నీ ఎక్కాను.
దిగేటప్పుడు కూడా ఆ కాగితం నాతోనే దిగింది.

నిన్న హాల్ టికెట్టు వచ్చింది.
మా షాపులోనే ప్రింటు తీసుకున్నాను,
రెండు రూపాయలు గల్లాలో వేసి.
ఫోటో కింద ఒక గడి. ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

ఇంకు ప్యాడు మూత తీశాను.
దీని మీద ఎన్ని వేళ్లు పట్టుకుని ఉంటాను!
హార్బర్లో ఐసు మోసి మొద్దుబారినవి,
రొయ్యలొలిచి గీతలరిగిపోయినవి,
సంతకం వచ్చినా భయంతో ముడుచుకున్నవి.
"మెల్లగా అమ్మా, దొర్లించాలి, లాగకూడదు" అంటూ.

నా వేలు నేనే దొర్లించుకున్నాను.
కాస్త లాగేశాను కూడా.
ఓ గీత గడి దాటి బయటికి పోయింది.

అఫిడవిట్ అర్జంటంటూ గుమ్మంలో ఎవరో.
"ఒక్క నిమిషం" అన్నాను.
ఊదుతూ కూర్చున్నాను,
తడి ఆరేదాకా.