తాడుకి ఈ చివర

ఫారో దీవుల్లో, కొండ అంచున
మడమలు గడ్డిలో పాతి
ఆరుగురం తాడు పట్టుకు కూర్చున్నాం.
కింద ఎక్కడో, మా కంటికి ఆనకుండా,
హోగ్ని పక్షిగుడ్లు ఏరుతున్నాడు.

నోట్లో మాటని నోట్లోంచే గాలి లాక్కుపోయే చోటు.
ఒకసారి గుంజితే ఆపమని,
రెండైతే వదలమని,
మూడైతే లాగమని.
కొత్తవాణ్ణి, నాకు నేర్పిన భాష అంతే.

అందరికంటే ముందు బార్దూర్.
హోగ్నికీ అతనికీ మూడేళ్లుగా మాటల్లేవు,
ఏదో గొర్రెల కంచె తగువు.
పొద్దున టీ ఫ్లాస్కు కూడా
నా చేతిమీదుగానే అటూ ఇటూ తిరిగింది.

ఉన్నట్టుండి బార్దూర్ వీపు బిగిసింది.
నేను లెక్కపెడుతూనే ఉన్నాను,
ఒక్క గుంజూ రాలేదు.
అయినా అతను వెనక్కి వాలాడు.
ఆ వీపుని చూసి మేమూ వాలాం.

పైకొచ్చిన హోగ్ని కుడిచెయ్యి
మణికట్టు దగ్గర వేలాడుతోంది, రాయి పడి.
సంచిలోంచి సొన కారుతోంది.

"ఎలా తెలిసింది?" అన్నాను.
బార్దూర్ అరచేతులు చాపాడు,
చదువుకోమన్నట్టు.
నాకు ఎర్రటి చారలే కనబడ్డాయి.

దిగేటప్పుడూ
వాళ్లిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.
ఫ్లాస్కు మాత్రం
ఈసారి నా దాకా రాలేదు.