పలుచన

మంగళవారం మంగళవారం నా వేలికి సూది మొక్కు.
ఆరోగ్య కేంద్రంలో నర్సు నొయేమియా
చుక్కని పట్టీ మీద ఒత్తి
యంత్రం వంక చూస్తుంది,
నేను ఆమె కనుబొమల వంక.
రెండుకీ మూడుకీ మధ్య ఉండాలట నేను.
అరవై రెండేళ్ళూ ఏ రెంటి మధ్యా ఇమడని మనిషిని.

మొదట ఎడమ పిక్క వాచింది.
ద్రాక్ష కోతల అలసట అనుకుని వెనిగర్ గుడ్డ చుట్టాను.
పదో రోజున చర్చి మెట్ల మీద
ఊపిరి పైకి రానంది, కిందికి పోనంది.
బ్రాగా ఆసుపత్రిలో కుర్ర డాక్టరు
గడ్డ ఒకటి కాల్లోంచి ఊపిరితిత్తి దాకా వెళ్ళిందన్నాడు.
నాకు చెప్పకుండా అంత ప్రయాణం!
నేనింకా లిస్బన్ చూడలేదు.

అప్పట్నుంచీ బిళ్ళ.
సోమ, గురువారాలు సగం, తక్కిన రోజులు ఒకటి.
సగం చెయ్యడానికి అబీలియో
తీగలు కత్తిరించే కత్తెర తెచ్చాడు.
ఒక ముక్క ఎగిరి పిల్లి పళ్ళెంలో పడింది,
ఇద్దరం మోకాళ్ళ మీద వెతికాం.

పళ్ళు తోమితే ఉమ్మి ఎర్రన.
జుట్టు నా మాట మాని దువ్వెన మాట వింటోంది.
ఆగస్టులో ఉన్ని మేజోళ్ళు.
ఇవన్నీ సర్దుకున్నాను, సరే.

ఆకు సంగతే సర్దుబాటు కాలేదు.
కోవె అంటాం,
క్యాబేజీకి అక్క, ముడుచుకోవడం రాని ఆకు.
శనివారం సంతలో దాన్ని చుట్టచుట్టి
వెంట్రుక మందాన తరిగి సూపుకని అమ్ముతాను.
ఆ ఆకుకీ నా బిళ్ళకీ పడదని విని
ఒక్కసారిగా మానేశాను.
అంకె ఐదు దాటింది.
తెల్ల దుప్పటి మీద ముక్కు తెగిన కుళాయి.
"మానమని ఎవరన్నారు, దెయోలిందా?
రోజూ ఒకే కొలత తిను.
నీ నెత్తురుకి గిట్టనిది ఆకు కాదు, హఠాత్తు."
ఇప్పుడు పిడికెడు.
పెళ్ళికైనా పిడికెడే, చావుకైనా పిడికెడే.

నవంబరు వానలో రాళ్ళ వీధిలో కాలు జారింది.
అబీలియో రెక్క పట్టుకుని ఆపాడు. అంతే.
తెల్లారేసరికి నాలుగు వేళ్ళూ ఒక బొటనవేలూ
నా చేతి మీద, వంకాయ రంగులో.

సంతలో గ్రసియేత చూసింది.
ఏమీ అనలేదు.
ఆకు సంచీ తీసుకుని,
చిల్లర నాణేల కింద మడతపెట్టిన కాగితం ఉంచి వెళ్ళింది.
విప్పితే ఫోను నంబరు,
మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం.

పలుచబడింది నా నెత్తురు,
పలుచనైంది ఊళ్ళో నా మొగుడు.
గొంతెత్తాడు, ఫుట్‌బాల్ ఓడిన రాత్రుల్లో.
చెయ్యెత్తలేదు, ఎప్పుడూ.
ఇప్పుడు ఆ చేతులు జేబుల్లో పెట్టుకుని
నాకు రెండడుగులు దూరంగా నడుస్తాడు.
మంచం మీద మా మధ్య ఒక దిండు.
"తగిలితే కములుతుంది కదా" అంటాడు గోడతో.

బిళ్ళల పెట్టెలోని కాగితం
రెండు వైపులా చదివాను, భూతద్దం పెట్టి.
దద్దుర్లున్నాయి, వికారముంది.
ఈ దిండు సంగతి ఎక్కడా లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక వాన వెలిసింది.
అవే మెట్లు, పాచి పట్టి.
కింద గొడుగులు ముడుస్తూ గ్రసియేత, ఇంకా నలుగురు.
చలిలో చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాను.
వంకాయ రంగు పోయి మచ్చ
కోవె ఆకు రంగులోకి తిరిగింది.
"పట్టుకో" అన్నాను, అందరికీ వినబడేలా.
అతను కొనవేళ్ళతో ముట్టుకున్నాడు,
వేడి గిన్నెని ముట్టుకున్నట్టు.
"గట్టిగా పట్టుకో, మనిషీ!
చేతి మీదిది రెండు వారాల్లో మాస్తుంది.
పడితే తలలో కారుతుంది."

పట్టుకున్నాడు.
పదిహేడు మెట్లు.
గ్రసియేత చూసిందో లేదో నేను చూడలేదు,
నా కళ్ళు పాచి మీదే ఉన్నాయి.

రాత్రి దీపం దగ్గర లెక్కపెట్టాను,
కొత్తవి ఐదు.
దిండు తీసి తల కింద పెట్టుకున్నాను.