ఎడమ తలుపు

పెట్టె మీది బొమ్మలో తలుపు బార్లా తెరిచి ఉంది.
లోపలి ప్లాస్టిక్‌లో మాత్రం
తలుపు లేదు,
తలుపుండాల్సిన చోట ఒక గీత ఉంది.

డెబ్భై నాటి బ్యూయిక్, ఇరవై ఐదో వంతు.
అరచేతిలో పెట్టుకుంటే ముక్కు మాత్రం
వేలి కొసలు దాటి కాస్త బయటికొస్తుంది.
ఫ్లింట్‌లో ఈపాటి కారు ఆపుకోవడానికి
నా వంటింటి బల్ల చాలు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను బిగించింది
కారు కాదు. ఎడమ తలుపు.
కార్లు చేసేదానివట కదా అని ఎవరైనా అంటే
ఒక్క కొమ్ము పెట్టిన దాన్ని పట్టుకుని
ఉత్తరం రాశావట కదా అన్నట్టుండేది.
నిమిషానికొకటి వచ్చేది.
రెండు మడతబందులు, ఆరు బోల్టులు,
ఆఖర్న మోకాలితో ఒక్క తోపు.
ఆ తోపు ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

అవతలి వైపు, కుడి తలుపు, కాసిమిర్.
మా మధ్య ఎప్పుడూ ఒక కారు ఉండేది.
ఇంకా అద్దం పడని కిటికీలోంచి
నాకు ఆయన గడ్డం, ఆయనకు నా తలగుడ్డ.
ఆ మోతలో మాటకు చోటెక్కడ?
బోల్టు కావాలంటే రెంచితో రెండు దెబ్బలు.
మూడు కొడితే
పసుపు సుద్ద పట్టుకుని ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని.

కత్తిని తిరగేసి, వెనక మొనతో,
గీత వెంటే గీస్తూ పోవాలి.
నొక్కకూడదు. నలభై సార్లు, యాభై సార్లు.
తొందరపడితే ప్లాస్టిక్
దానికి నచ్చిన చోట చీలుతుంది.
మూడింటికి తలుపు ఊడి
కాఫీ కప్పు పక్కన పడింది.
బతుకులో మొదటిసారి
ఒక తలుపు పెట్టలేదు, తీశాను.

కాగితాల క్లిప్పు వంచితే మడతబందు.
చూయింగ్ గమ్ రేకు నునుపు చేస్తే బంపర్ మెరుపు.
స్పార్క్ ప్లగ్గులకు కుట్టుదారం, ఎనిమిది ముక్కలు.
ఒకటి పొట్టిగా తెగింది.
బానెట్ మూస్తే ఎవడికి తెలుసు.

రంగు పసుపు అని పెట్టె చెబుతోంది.
నేను గోళ్ళరంగు కొన్నాను, నేరేడు పండు ఛాయ.
లైను మీద ఉంగరం వద్దు, గాజు వద్దు,
గోళ్ళకు రంగు అసలే వద్దు.
ముప్ఫై ఒక్క ఏళ్ళ బాకీ
రెండు సీసాలుగా కిటికీ గట్టు మీద కూచుంది.
కోతలన్నీ అయ్యేదాకా మూత తీయకూడదు.

కుడి గీత దగ్గర కత్తి ఆగింది.
అది నా తలుపు కాదు.
ఒకరి పని మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు,
యూనియన్ నేర్పిన మర్యాద.

కారుకు పాత మేజోడు చుట్టి
బూట్ల పెట్టెలో పెట్టి బస్సెక్కాను.
రోడ్డు వారన మంచు నల్లబడి ఉంది.
ఫ్యాక్టరీ ఉన్న చోట కంచె, కంచె లోపల గడ్డి,
గడ్డిలో ఒక జింక నిలబడి ఉంది.
బస్సులో ఎవరూ ఏమీ అనలేదు.

కాసిమిర్‌కు ఎనభై నాలుగు.
చేతులు వణుకుతున్నాయి,
ఆయన్ని అడక్కుండానే ఏదో పని మొదలెట్టినట్టు.
నన్ను పోల్చుకోలేదు.
ఎదురుగా నిలబడితే ఎలా పోలుస్తాడు?
కారు తీసి
మా ఇద్దరి ముఖాల మధ్య పట్టాను.
కిటికీలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు.
"వెర్లీన్."
నా పేరు ఆయన నోట వినడం అదే మొదలు.

కత్తి ఇచ్చాను.
వాళ్ళమ్మాయి గుమ్మంలోంచి
వద్దండీ అన్నట్టు తల ఊపింది.
నలభై గీతల దాకా బాగానే నడిచింది.
నలభై ఒకటోది దారి తప్పి
ముందు చక్రం దాకా పోయింది,
పొడుగ్గా, తెల్లగా.

ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం.
నేను పట్టకారు తీసుకుని
బల్ల మీద మూడు దెబ్బలు కొట్టాను.

కాసిమిర్ గబుక్కున వెనక్కి తిరిగాడు,
ఇన్‌స్పెక్టరు ఎంత దూరంలో ఉన్నాడో అని.