శివ్వారం మడుగు కాడ

"అడుగు సప్పుడు రావద్దు, చెప్పులిడిసి రా" అంటడు
వాచర్ పోశాలు.
చలికాలం, తొమ్మిది గొట్టంగ
గోదారి గుండ్ల మీదికి మొసండ్లు ఎండకొస్తయి.
నోర్లు తెరుసుకొని పంటయి,
మాట సగంల మర్సిపోయినట్టు.

ఫోన్ల ఏనుగు సీళ్లను సూపిస్త:
ఏదో చలిదేశం ఒడ్డు, తొండమసొంటి ముక్కు,
ఇసుక ఎగజల్లుకుంటున్న కొవ్వు గుట్టలు.
"గీటిని సూడవోతరా మంది?"
"టికెట్ గొనుక్కొని, తాడుకివతల నిలవడి."
"మరవి మనల్ని సూస్తయా?"

నాకు జవాబు రాలే.

పెన్సిల్ కొనను నాలిక మీద తడుపుకొని
నోట్‌బుక్కుల గీతలు గీస్తడు: పదకొండు.
నిన్న పన్నెండు.
మళ్ల లెక్కవెడ్తడు. పదకొండే.

అవతల బొగ్గు గూడ్సు కూత వెట్టింది.
నేను సంచి వెడ్దామనుకున్న నల్లగుండు,
పదడుగుల దూరంల,
కన్ను తెరిచి మూసింది.